సౌరశక్తియు రాజవాక్యమును

మన పూర్వరాజులు భూదానములు చేయునపుడు తామ్రశాసనమున ‘ఆచంద్రార్కము’ అను మాట చెక్కించుట ఆచారము. సూర్యచంద్రులుండునంత కాలము ఈ దానము చెల్లునని దాని భావము. ఇచ్చిన రాజు గతించినను, ఆ వంశమే అంతరించినను, తరువాత వచ్చినవాడు ఆ మాట మీరరాదని శాసనము చివర శాపవాక్యములు కూడ వ్రాయించెడివారు. నేడు మన ప్రభుత్వములు ఆ సూర్యునే మూలధనముగా పెట్టుకొని ఒడంబడికలు వ్రాసికొనుచున్నవి. వీని కాలపరిమితి ఆచంద్రార్కము కాదు; సామాన్యముగా ఇరువదియైదు సంవత్సరములు. ఆ ఇరువదియైదు సంవత్సరములైనను ప్రభుత్వవాక్యము నిలుచునా యన్నదే ఈ విషయమున ముఖ్యప్రశ్న.

ఎండయు, గాలియు, పారునీరును వాడినకొలది తరుగని నిధులు. వీనినుండి పుట్టు విద్యుచ్ఛక్తిని పునరుత్పాదక శక్తి యందుము. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమునకు ప్రతిదినము బొగ్గు కొనవలెను. ఎండకు వెల లేదు, గాలికి సుంకము లేదు. కాని ఎండను పట్టు పలకలకును, గాలిమరలకును కావలసిన పెట్టుబడి యావత్తును మొదటనే వెచ్చింపవలెను. అందు పెద్దపాలు అప్పు. అప్పిచ్చువాడు చూచునది ఎండను మాత్రమే కాదు. విద్యుత్తు కొందునని వ్రాసియిచ్చిన పంపిణీ కంపెనీ నెలనెల సొమ్ము చెల్లించునా యని చూచును. చెల్లించునను నమ్మకమున్నచో వడ్డీ తగ్గును. వడ్డీ తగ్గినచో యూనిటు వెల తగ్గును. నమ్మకము చెడినచో ఆ నష్టభయము కూడ వడ్డీలో చేరును. తుదకు దానిని పట్టణములోని దుకాణదారును, పల్లెలోని పిండిమర యజమానియు చెల్లింపవలసివచ్చును. కావున ప్రభుత్వము మాట నిలుపుకొనుట యన్నది ఇక్కడ ధర్మశాస్త్రవిషయము మాత్రమే గాక, నెలవారీ కరెంటు బిల్లు విషయము కూడ నగుచున్నది.

ఎవరి యధికార మెంత?

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము విద్యుచ్ఛక్తిని ఏడవ షెడ్యూలునందలి ఉమ్మడి జాబితాలో, 38వ అంశముగా చేర్చినది. అనగా కేంద్రమును శాసింపవచ్చును, రాష్ట్రమును శాసింపవచ్చును. కాని భూమియు, నీరును రాష్ట్రజాబితాలోనివి. ఇంటింటికి తీగ లాగి, మీటరు పెట్టి, సొమ్ము వసూలు చేయు పంపిణీ కంపెనీలు చాలవరకు రాష్ట్రప్రభుత్వముల చేతిలోనివే. లక్ష్యము ఢిల్లీలో నిర్ణయింపబడుచున్నది. దానిని నెరవేర్పవలసిన పొలము, చెరువు, స్తంభము, తీగ మాత్రము రాష్ట్రము దగ్గర నున్నవి. తగవునకు మూలమిదియే.

ఈ యిరువురి నడుమ మూడవవాడొకడు కలడు: నియంత్రణ కమీషను. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టము చేసెను. 1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఉత్పత్తికొకటి, సరఫరాకొకటిగ రెండు సంస్థలై చీలెను. ఆ సంవత్సరమే కమీషనును ఏర్పడెను. ధరను మంత్రి గాక, ఉభయపక్షముల వాదము విని తీర్పు చెప్పు తటస్థుడు నిర్ణయింపవలెనన్నది దాని యుద్దేశము. 2003 నాటి విద్యుచ్ఛట్టము ఆ పద్ధతిని దేశమంతట స్థిరపరచినది. దానిలో 86వ సెక్షను పునరుత్పాదక శక్తిని ప్రోత్సహించుట రాష్ట్ర కమీషను విధులలో నొకటియని చెప్పుచున్నది. పంపిణీ కంపెనీ తన మొత్తము వినియోగములో నింతశాతము ఎండనుండియు, గాలినుండియు పుట్టిన విద్యుత్తునే కొనవలెనని నిర్ణయించు అధికారమును కమీషనుకే యిచ్చినది.

కేంద్రము చేసినది

కేంద్రప్రభుత్వ ప్రయత్నము చమురు ధరలు మండిపోయిన దినములలో ప్రారంభమైనది. 1981లో అదనపు శక్తివనరుల కమీషనును, 1982లో ఒక ప్రత్యేకశాఖను, 1987లో ఋణములిచ్చు సంస్థను నెలకొల్పిరి. 1992లో ఆ శాఖ ప్రత్యేక మంత్రిత్వశాఖ యయ్యెను. 2006లో నేటి పేరు, నూతన, పునరుత్పాదక శక్తి మంత్రిత్వశాఖ యని, వచ్చెను. 2010 జనవరిలో జాతీయ సౌరశక్తి ప్రణాళికను ప్రకటించి, 2022 నాటికి 20,000 మెగావాట్లు లక్ష్యమనిరి. 2015లో దానిని లక్ష మెగావాట్లకు పెంచి, గాలి, జీవపదార్థము, చిన్న జలవిద్యుత్తులతో కలిపి 1,75,000 మెగావాట్లు చేసిరి.

ఆ లక్ష్యము నెరవేరలేదు. 2022 చివరికి పెద్ద జలవిద్యుత్కేంద్రములు మినహా సిద్ధమైనది సుమారు 1,20,000 మెగావాట్లు. ఇండ్లపై కప్పులమీద 40,000 మెగావాట్లు అమర్పవలెనని యుండగా, అందు మూడవవంతైనను కాలేదు. లక్ష్యము తప్పినదని నిందించుట సులభము. కాని 2010కి ముందున్న స్థితితో పోల్చిచూచిన, జరిగినది స్వల్పమని చెప్పుటయు న్యాయము కాదు. 2021లో గ్లాస్గో మహాసభలో ప్రధానమంత్రి 2030 నాటికి బొగ్గుచమురులతో నిమిత్తము లేని ఉత్పత్తిసామర్థ్యమును 5,00,000 మెగావాట్లకు చేర్చెదమని ప్రకటించిరి. 2025 జూన్ నాటికి దేశమందలి మొత్తము సామర్థ్యము, సుమారు 4,85,000 మెగావాట్లలో, సగము అట్టిదే యయ్యెను.

ఇచట పాఠకులు ఒక భేదమును గుర్తింపవలెను. సామర్థ్యము వేరు, ఉత్పత్తి వేరు. సౌరకేంద్రము రాత్రి నిదురించును. గాలిమర గాలి లేనిదే తిరుగదు. అందుచేత సామర్థ్యములో సగమున్నను, 2024-25లో దేశము వాడుకొన్న విద్యుత్తులో నూటికి డెబ్బదిపాళ్లకు పైగా బొగ్గునుండియే వచ్చినది. సామర్థ్యపు టంకెలు చూచి మురియువారు ఈ సంగతి మరువరాదు.

కేంద్రము వాడిన యుపాయములు ముఖ్యముగా నాలుగు. మొదటిది పన్నులో తగ్గింపు: యంత్రముల విలువలో నూటికి 80 వంతులను మొదటి సంవత్సరముననే తరుగుదలగా చూపుకొనుట కనుమతి యిచ్చిరి. పన్ను తప్పించుకొనుటకై మరలు నిలిపి, అవి తిరుగునో లేదో చూడని ధనికులును బయలుదేరిరన్న విమర్శ దీనిపై వచ్చినది. 2017లో దానిని 40 వంతులకు దించిరి. రెండవది, పుట్టించిన యూనిటుకే బహుమానము: 2009లో గాలివిద్యుత్తునకు యూనిటుకు అర్ధరూపాయి చొప్పున నిచ్చిరి. పెట్టిన యంత్రమునకు గాక, తిరిగిన యంత్రమునకే సొమ్ము ముట్టుట ఇందలి గుణము. మూడవది, రాష్ట్రముల హద్దులు దాటి పంపు విద్యుత్తునకు తీగల బాడుగ మాఫీ; 2025 జూన్ 30వ తేదీలోపల సిద్ధమైన కేంద్రములకు ఇది పూర్తిగా వర్తించినది. నాలుగవది వేలము.

అన్నిటికంటె వేలమే యెక్కువ పని చేసినది. ఎవడు తక్కువ వెలకు విద్యుత్తు నిచ్చునో వానికే ఒడంబడిక. 2015 చివర కర్నూలు జిల్లా సౌరకేంద్రమునకు యూనిటు 4 రూపాయల 63 పైసల చొప్పున పాట వచ్చినప్పుడు జనులు ఆశ్చర్యపడిరి. 2017 ఏప్రిలులో కడపకు 3 రూపాయల 15 పైసలు. మరుసటి నెలలో రాజస్థానమందలి భద్లాకు 2 రూపాయల 44 పైసలు. 2020లో గుజరాతు వేలమున 1 రూపాయి 99 పైసలు. పలకల వెల లోకమంతట పడిపోవుటయే దీనికి మొదటి కారణము. అయినను వేలమే లేకున్నచో ఆ తగ్గుదల మన కొనుగోలుదారునకు దక్కియుండెడిది కాదు.

ఆంధ్రదేశపు అనుభవము

వెల ఇట్లు పడిపోవుటయే మన రాష్ట్రమున మహావివాదమునకు కారణమైనది. దీనికి పూర్వకథ యొకటి కలదు. 1997లో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వము ఊక, చెఱకుపిప్పి, గాలి మొదలగువానినుండి పుట్టు విద్యుత్తును యూనిటు 2 రూపాయల 25 పైసల మూలధరకు కొని, ఏటేట నూటికి అయిదు చొప్పున పెంచెదమనెను. ఆ యేర్పాటులలోనే 2004 ఏప్రిలు 1 నుండి ధర పునఃపరిశీలింపబడునని యుండెను. కమీషను 2004లో ధర మార్చగా ఉత్పత్తిదారులు వ్యాజ్యము వేసిరి. 2010లో సుప్రీంకోర్టు, ధర నిర్ణయించు అధికారము కమీషనుకు కలదని చెప్పి, విషయమును మరల కమీషను విచారణకే పంపెను.

తరువాత గాలివిద్యుత్తునకు 2012లో యూనిటు 4 రూపాయల 70 పైసలును, పిదప అంతకు పైబడియు కమీషను ధర నిర్ణయించెను. ఇరువదియైదేండ్ల ఒడంబడికలు జరిగెను. రాయలసీమ కొండలమీద మరలు లేచెను. 2017 నాటికి వేలపు ధరలు అందులో సగమునకు దిగుచుండగా, పంపిణీ కంపెనీలు పాతధరను మోయవలసివచ్చెను. 2019 మేలో వచ్చిన నూతనప్రభుత్వము ఇది ప్రజాధనమునకు నష్టమని తలచి, జూలై 1వ తేదీని 63వ నెంబరు జి.ఓ. ద్వారా ధరలు తగ్గించుటకై సంప్రతింపుల సంఘము నేర్పరచెను. తగ్గింపున కొప్పుకొనుడని కంపెనీలకు లేఖలు వెళ్లెను. ఒడంబడికలను తిరుగదోడవలదని కేంద్ర విద్యుచ్ఛాఖామంత్రి రాష్ట్రమునకు వ్రాసిరి. వ్యవహారము హైకోర్టు కెక్కెను.

2019 సెప్టెంబరు 24న ఏకన్యాయమూర్తి ఆ జి.ఓ.ను కొట్టివేసిరి. అయితే కమీషను తేల్చువరకు గాలికి 2 రూపాయల 43 పైసలు, సౌరమునకు 2 రూపాయల 44 పైసలు చెల్లించిన చాలుననిరి. అప్పుదారుల దృష్టిలో ఇది గెలిచియు ఓడినట్లయ్యెను. 2022 మార్చి 15న ద్విసభ్యధర్మాసనము ఆ తాత్కాలికధరను త్రోసివేసి, ఒడంబడికలో వ్రాసిన ధరనే చెల్లింపవలెననియు, బకాయిలను ఆరువారములలో తీర్పవలెననియు ఆజ్ఞాపించెను. సుమారు రెండున్నర సంవత్సరములు సగము ధర పుచ్చుకొన్నవారు వడ్డీలెట్లు కట్టిరో ఊహింపవచ్చును.

ఈ రెండు వ్యాజ్యములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన న్యాయమార్గము స్పష్టము. మొదటిదానిలో, ఫలానా తేదీని ధర మరల చూచెదమని ముందే చెప్పబడినది. కావున చూచుట తప్పు కాలేదు. రెండవదానిలో ఇరువదియైదేండ్లకు మాట యిచ్చి, నాలుగయిదేండ్లకే కాదనుట జరిగినది. మార్చవలెనన్న తలంపు ఉన్నచో ఒడంబడికలోనే వ్రాయవలెను, వ్రాయలేదా, భరింపవలెను. గడచిన ప్రభుత్వము అధికధరకు కొన్నదన్న యారోపణ నిజమే యైనను, లంచమో మోసమో యున్నచో దానిని న్యాయస్థానమున నిరూపించి శిక్షింపవలెను. అందరి వెలను ఒక్క కలముపోటున కోయుట దానికి మందు కాదు. ఎన్నికలు మారినపుడెల్ల కాగితము మారునన్న భయము అప్పిచ్చువానికి పుట్టినచో, తరువాతి ఒడంబడికలో ఆ భయమునకు కూడ వెల కట్టి మననుండియే వసూలు చేయును.

పంపిణీ కంపెనీల గోడు

ఇంత చెప్పి, పంపిణీ కంపెనీల బాధను విస్మరించుట పక్షపాత మగును. 2004 నుండి మన రైతులకు వ్యవసాయవిద్యుత్తు ఉచితము. దానిని మేము తప్పు పట్టుట లేదు. బోరుబావినీటిమీద బ్రతుకు రాయలసీమ, తెలంగాణ రైతునకు అది ప్రాణాధారము. కాని ఉచితమన్న పదార్థము లోకమున లేదు, ఇచ్చువా డొకడుండవలెను. 2003 చట్టము 65వ సెక్షను ప్రకారము రాష్ట్రప్రభుత్వము రాయితీ ప్రకటించినచో ఆ సొమ్మును ముందుగానే కంపెనీకి చెల్లింపవలెను. అది సకాలమున ముట్టనిచో కంపెనీ ఉత్పత్తిదారునకు బాకీ పడును. ఉత్పత్తిదారు బ్యాంకునకు బాకీ పడును.

రెండవ బాధ యింకొకటి. మిల్లులు, ఫ్యాక్టరీలు, పెద్ద దుకాణములు ఖర్చుకంటె ఎక్కువ ధర చెల్లించి, ఆ లాభముతో పేదయింటి దీపమును నిలుపుచున్నవి. 2022లో కేంద్రము చేసిన నియమముల ప్రకారము, నూరు కిలోవాట్ల వాడుక గల వినియోగదారుడు తనకిష్టమైన సౌరకేంద్రమునుండి నేరుగా కొనుక్కొనవచ్చును. బియ్యపుమిల్లు యజమానికి ఇది వరమే. కాని ధర చెల్లించువారందరు వెడలిపోయిన, చెల్లింపలేనివారే కంపెనీకి మిగులుదురు. రాష్ట్రములు సర్‌చార్జీలు వేసి ఈ మార్గమున కడ్డుపడుటకు కారణమిదియే. దోషము దుర్బుద్ధిలో నున్నదనుటకంటె, లెక్కలో నున్నదనుట సత్యమునకు దగ్గర.

భూమి యెవరిది, ఫల మెవరిది?

భూస్వాములైన పాఠకులకు ఇది ముఖ్యవిషయము. కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామముల ప్రాంతమున సుమారు 5,900 ఎకరములలో 1,000 మెగావాట్ల సౌరకేంద్రసముదాయము 2017లో సిద్ధమయ్యెను. అచట ప్రభుత్వము భూమిని సేకరించి యిచ్చెను. అనంతపురము సరిహద్దునకు ఆవల, కర్ణాటకమందలి పావగడ తాలూకాలో మరియొక పద్ధతి నవలంబించిరి. తెలుగు మాటలాడువారు విస్తారముగా నున్న ఆ కరవుసీమలో సుమారు 13,000 ఎకరములను రైతులనుండి కొనక, ఇరువదియెనిమిదేండ్లకు కౌలునకు తీసికొనిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకమారు నూటికి అయిదు పెంపు. 2019 చివరికి అచట 2,050 మెగావాట్లు వెలసెను. పట్టా రైతు పేరనే నిలిచినది. వాన కురిసినను కురియకున్నను కౌలు వచ్చును. మనకు అనుసరణీయమైన మార్గమిది.

అయినను దీనిలోను ఒక లోటు కలదు. పొలము గలవానికి కౌలు వచ్చును. ఆ పొలములో వేరుశెనగ పీకి, కలుపు తీసి బ్రతికిన కూలివానికేమి వచ్చును? పలకలు తుడుచుటకును, కావలి కాయుటకును కొందరే చాలుదురు. కౌలులో నొక స్వల్పభాగమును గ్రామనిధిగా నిలిపి, భూమిలేని కుటుంబములకు పని కల్పింపనిచో, ఈ వెలుగు గ్రామమున సగమునకే వెలుగగును.

చిన్నవాని సూర్యుడు

పెద్దకేంద్రముల మాట యటుంచి, చిన్నవాని గూర్చి కేంద్రము రెండు పథకములను పెట్టెను. 2019 నాటి కుసుమ్ పథకమున రైతు సౌరపంపునకు కేంద్రమొక 30 వంతులు, రాష్ట్రమొక 30 వంతులు ఇచ్చుటకును, బీడుభూములలో సబ్‌స్టేషను చేరువను రెండు మెగావాట్లవరకు చిన్నకేంద్రములు నెలకొల్పుటకును వీలు కల్పించిరి. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన సూర్యఘర్ పథకము కోటి యిండ్లను ఉద్దేశించినది. రెండు కిలోవాట్లవరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు మొత్తము 78,000 రూపాయలు సహాయము. పది కిలోవాట్లవరకు సాంకేతికపరీక్ష అవసరము లేకయే అనుమతి యిచ్చినట్లు భావింపవలెనని అదే సంవత్సరము నియమము సవరించిరి.

సహాయధన మిచ్చువాడు కేంద్రము. మీటరు మార్పవలసినవాడు స్థానికపు ఇంజనీరు. వాడు కదలనిచో ఢిల్లీ ఉత్తర్వు గోడకంటించిన కాగితమే. పగటిపూట తొమ్మిదిగంటలు పంపు నడపవలసిన రైతునకు పగలు పుట్టు సౌరవిద్యుత్తుకంటె తగినది వేరొకటి లేదు. సబ్‌స్టేషను ప్రక్కనే పుట్టి ఆ ఫీడరునకే చేరిన విద్యుత్తునకు తీగలలో నష్టమును తక్కువ. ఉచితవిద్యుత్తు భారమును తగ్గించి, రైతు హక్కును చెడగొట్టని యుపాయమిది.

రాత్రి మాట యేమి? దానికిని మనయొద్ద సాధనము లేకపోలేదు. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రము లారు, నాగార్జునసాగరమున మరికొన్ని, నీటిని క్రిందికి వదలి విద్యుత్తు పుట్టించుటయే గాక, విద్యుత్తుతో నీటిని మరల పైకి తోడగలవు. పగటి యెండతో తోడి, రాత్రి వదలిన, కృష్ణానదియే మనకు నిలువగది. కాని 2021లో శ్రీశైలమున విద్యుదుత్పత్తి విషయమై రెండు తెలుగు రాష్ట్రములును కలహించుకొన్నవి. ఒక నదిని పంచుకొనుచున్న సోదరులు ఒక నీటిచుక్కను రెండుమారులు వాడుకొను నేర్పును ఒప్పందముచే సాధింపలేరా?

కర్తవ్యము

మేము కోరునది క్రొత్తచట్టములను గాదు, ఉన్నవానిని పాటించుటను. కొనవలసిన శాతము 2024-25లో 29.91గా మొదలై 2029-30 నాటికి 43.33 కావలెనని కేంద్రము 2023లో ప్రకటించినది. లోటు వచ్చిన కంపెనీని కమీషను క్షమించుచు పోయినచో ఆ యంకెలు అంకెలుగనే యుండును. కమీషనులో కూర్చుండువారు ప్రభుత్వమును నొప్పింపగల ధైర్యవంతులు కావలెను. రాయితీసొమ్ము ముందుగా చెల్లింపవలెను. ధర వేలముననే తేలవలెను. భూమి కౌలునకే తీసికొనవలెను, కూలివానికి పాలుండవలెను. వ్రాసిన మాట నిలువవలెను.

ఇందు మనవంతును కలదు. ఎన్నికలవేళ ‘పాతవారి ఒడంబడికలు చించివేయుదు’ మన్నవారికి చప్పట్లు కొట్టినది మనమే. అట్టి సభలో ఎవడైనను లేచి, ‘చింపినపిదప వడ్డీ ఎవరు కట్టుదురు?’ అని ఒక్క ప్రశ్న వేసినచో, నాయకులును లెక్క చూచి మాటలాడుట నేర్చుకొందురు. తామ్రశాసనమున శాపవాక్యములు వ్రాయించుటకు కారణము, అధికారము చేతులు మారునని పూర్వులకు తెలియుటయే. ప్రజాస్వామ్యమున ఆ శాపమునకు బదులు నిలువవలసినది పౌరుని జాగరూకత.